పాతిపెట్టిన గొట్టానికి కాపలా ఎవరు?

ఆత్మకూరు: రైతు చేనుకు కంచె వేస్తాడు. పంట చేతికొచ్చే రోజుల్లో మంచె మీద పడుకుని కాపలా కాస్తాడు. కళ్లంలో రాశి ఉంటే రాత్రంతా కునుకు తీయడు. అదే రైతు పొలం కింద మీటరు లోతున ఒక ఉక్కు గొట్టం పోతూ ఉంటే దాని సంగతి పట్టించుకోడు. పాతిపెట్టి పూడ్చేశారు, ఇక దానికేమవుతుందిలే అనుకుంటాడు. పాతిన కాంట్రాక్టరు బిల్లు రాగానే దానిని మరిచిపోతాడు. ప్రారంభోత్సవం చేసిన పెద్దలు శిలాఫలకం దగ్గరే మరిచిపోతారు. కాని భూమిలో పాతిన ఇనుము పంటకంటే ఎక్కువ కాపలా కోరుతుంది. పంటను తినే పురుగు కంటికి కనబడుతుంది. ఇనుమును తినే తుప్పు కనబడదు.

ఈ కనబడని పురుగును కనిపెట్టడమే పనిగా తిరిగే ఉద్యోగి ఒకడున్నాడు. పైపులైను టెక్నీషియన్ అంటారు. పల్లెల్లో ఆయన గురించి తెలిసింది బహు తక్కువ. పొద్దు పొడవక ముందే భుజాన తీగ చుట్ట, ఒక చేతిలో చిన్న మీటరు, మరో చేతిలో జానెడు ప్లాస్టిక్ గొట్టం లాంటి పరికరం పట్టుకుని గట్ల వెంట నడిచిపోతుంటాడు. "ఏంది సామీ, మా చేలో కొలస్తా ఉండావు? భూమి తీసుకుంటారా ఏంది?" అని రైతు అడగడం, "లేదన్నా, గొట్టానికి జొరముందేమో చూస్తా ఉండా" అని అతను నవ్వి సాగిపోవడం పైపులైను పోయే ఏ ఊళ్లోనైనా జరిగేదే. నవ్వులాటగా చెప్పినా ఆ మాట నిజం. అతను చూసేది గొట్టం ఆరోగ్యాన్నే.

ఇక్కడికి ఈ ముచ్చట దేనికి?

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలకు పైపులైన్లతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. ఒకప్పుడు చెరువు, బావి, ఆ తరువాత బోరు, ఇవే ఇక్కడి ఆధారం. ఇప్పుడు పరిస్థితి మారుతున్నది. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి గారపట్టిన పళ్లను, వంగిపోయిన కాళ్లను చూసిన వారందరికీ తెలుసు. అటువంటి ఊళ్లకు దూరం నుంచి మంచినీరు గొట్టాల ద్వారా తేవడం తప్ప వేరే దారి లేదు. ఇంటింటికీ కుళాయి ఇస్తామని కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ గడువును 2024 నుంచి 2028కి పొడిగించారు. అంటే గొట్టాలు పాతే పని ఇంకా కొన్నేళ్లు సాగుతుందన్నమాట.

అనంతసాగరం మండలంలో పెన్నపై 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం ఉన్నా, మెట్టకు ఆ నీరు ఎక్కాలంటే పంపులతో ఎత్తిపోయక తప్పదు. పంపు నుంచి నీరు పైకెక్కేది గొట్టంలోనే. నెల్లూరు జిల్లాలో గొట్టాల ద్వారా వంటగ్యాసు పంపిణీకి 2018లో జరిగిన వేలంలో అనుమతి ఇచ్చారు. పట్నంలో మొదలైన గ్యాసు గొట్టం రేపు మండల కేంద్రాలకు రాదని చెప్పలేం.

మరోవైపు భూమిని తవ్వే యంత్రాలు పెరుగుతున్నాయి. బద్వేలు నుంచి నెల్లూరు వైపు 108 కిలోమీటర్ల నాలుగు వరసల రహదారికి 2025 మే నెలలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. చెరువు పూడిక తీతకు జేసీబీ, నిమ్మతోట చదునుకు జేసీబీ, చివరకు పశువుల పాక పునాదికి కూడా జేసీబీయే. వేసవి వస్తే బోరు బండ్లు ఊరి మీద ఊరు తిరుగుతాయి. కింద గొట్టాలు పెరుగుతున్నాయి, పైన యంత్రాలు పెరుగుతున్నాయి. ఈ రెండింటికీ మధ్య నిలబడే మనిషి మాత్రం పెరగడం లేదు. ఆలోచించవలసిన విషయం ఇదే.

తుప్పు మర్మం

తుప్పు అంటే ఏమిటో తెలుసుకోవడానికి కాలేజీ చదువు అక్కరలేదు. టార్చిలైటులో పాత బ్యాటరీ వదిలేస్తే కొన్నాళ్లకు దాని జింకు డబ్బా కరిగి రసం కారుతుంది. లోపల విద్యుత్తు పుట్టే క్రమంలో జింకు తినివేయబడుతుంది. తడి నేలలో పాతిన ఇనుప గొట్టం కూడా ఒక రకంగా అటువంటి బ్యాటరీయే. తేమ, ఉప్పు ఉన్న మట్టి తగలగానే గొట్టంపై ఒకచోటి నుంచి మరోచోటికి సన్నని విద్యుత్తు పారుతుంది. ఆ విద్యుత్తు గొట్టాన్ని విడిచి మట్టిలోకి పోయే చోట ఇనుము కరిగిపోతుంది.

అన్ని నేలలూ ఒకటి కావు. గులకరాళ్ల ఎర్రనేలలో నీరు నిలవదు కనుక తుప్పు నెమ్మది. చౌడు నేలలోను, తడి ఆరని నల్లరేగడిలోను తుప్పు వేగం ఎక్కువ. ఒకే గొట్టం కొంతదూరం ఎర్రనేలలో, కొంతదూరం నల్లనేలలో పోతే ఆ తేడా వల్లనే తుప్పు పుడుతుంది. ఆత్మకూరు పరిసరాల్లో ఒక ఊరి పొలిమేర దాటేలోగా నేల రంగు మారడం రైతులు ఎరిగినదే.

తుప్పును ఆపడానికి మొదటి కంచె పూత. గతంలో ఉక్కు గొట్టాలకు తారు పూసి గుడ్డ చుట్టేవారు. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే మూడు పొరల ప్లాస్టిక్ పూత వేసి తెస్తున్నారు. అయితే పూత ఎంత గట్టిదైనా లారీ నుంచి దించేటప్పుడు ఒక గీత, కందకంలో రాయి తగిలి ఒక గాటు పడక మానదు. విచిత్రమేమిటంటే, పూత లేని గొట్టానికి తుప్పు ఒళ్లంతా పడుతుంది. పూత ఉండి ఒక్కచోట లేచిపోతే తుప్పంతా ఆ ఒక్కచోటనే దిగబడి గుంట తవ్వుతుంది. వెయ్యి కంతల కుండలో నీరు పోయరు. ఒక్క కంత ఉన్న కుండే కొంప ముంచుతుంది.

అందుకే పూతకు తోడు రెండో కంచె ఉంటుంది. కొత్త ఇంటికి దిష్టి గుమ్మడికాయ కట్టినట్టు, గొట్టం పక్కన జింకు లేక మెగ్నీషియం దిమ్మెను పాతి తీగతో కలుపుతారు. ఇంటికి తగిలే దిష్టి గుమ్మడికాయకు తగులుతుందని జనం నమ్మకం. ఇక్కడ నమ్మకంతో పని లేదు, శాస్త్రమే. గొట్టానికి పట్టవలసిన తుప్పు ఆ దిమ్మెకు పడుతుంది. దిమ్మె అరిగిపోతుంది, గొట్టం మిగులుతుంది. ఈ ఉపాయాన్ని 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఓడల అడుగున వేసిన రాగి రేకులను కాపాడడానికి కనిపెట్టాడు.

పొడవైన పైపులైన్లకు దిమ్మెలు చాలవు. అక్కడ కరెంటు లైను నుంచి విద్యుత్తు తీసుకుని, రెక్టిఫైయర్ అనే పెట్టె ద్వారా దానిని ఒకే దిక్కుకు పారేటట్టు మార్చి, దూరంగా పాతిన కడ్డీల నుంచి మట్టిలోకి, మట్టి నుంచి గొట్టంలోకి పంపుతారు. గొట్టాన్ని విడిచిపోయే విద్యుత్తుకు ఎదురు విద్యుత్తు అన్నమాట. ఇనుము కరగడం ఆగుతుంది. గ్యాసు పైపులైనుపై ఈ పద్ధతిని అమెరికాలో రాబర్ట్ కూన్ 1928లో అమలు చేశాడు.

మైలుతుత్తం చెప్పే లెక్క

టెక్నీషియన్ చేతిలోని జానెడు గొట్టం సంగతి వింటే నిమ్మ రైతులకు ఆశ్చర్యం కలుగుతుంది. అందులో ఉండేది ఒక రాగి కడ్డీ, మైలుతుత్తం నీళ్లు. నిమ్మ చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టులో సున్నంతో కలిపే మైలుతుత్తమే అది. ఆ పరికరాన్ని గొట్టం పైన నేలను కాస్త తడిపి ఆనిస్తాడు. మీటరు తీగ ఒకటి దానికి, మరొకటి కొలత స్తంభంలోని తీగకు తగిలిస్తాడు. సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున పాతి ఉండే ఆ స్తంభాల లోపలి తీగ నేరుగా గొట్టానికి అతికి ఉంటుంది.

మీటరులో మైనస్ 850 మిల్లీవోల్టులు గాని, దానికి మించి గాని చూపితే గొట్టానికి రక్షణ అందుతున్నట్టు. 600 చూపితే ఎక్కడో పూత లేచిందనో, తీగ తెగిందనో, రెక్టిఫైయర్ ఆగిందనో అర్థం. మరీ 1,200 దాటినా ప్రమాదమే, పూత ఉబ్బి లేచిపోతుంది. ఎరువు తక్కువైతే పైరు పాలిపోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. అదే లెక్క.

అంకె తగ్గిన చోట అతను నేల పైనుంచే పూత లేచిన జాగా పట్టుకుంటాడు. కూలీలతో జాగ్రత్తగా గొయ్యి తీయించి, గొట్టాన్ని శుభ్రం చేసి, కొత్త పూత చుట్టి, పరికరంతో దానిపై తడిమి కన్నం లేదని రూఢి చేసుకుని మళ్లీ పూడుస్తాడు. ఈ పనికి ఫొటోలు పడవు, సన్మానాలు జరగవు. పని సరిగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే ఆ పనికి ఫలితం. అందుకే ఆ పని విలువ ఎవరికీ తెలియదు.

నగరం నేర్పిన పాఠం

పని సరిగా జరగకపోతే ఏమవుతుందో తెలుగు నేల చవిచూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ఇప్పటి కోనసీమ జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 18 అంగుళాల గెయిల్ గ్యాసు పైపులైను పగిలింది. పొగమంచులా ఊరిమీద పరుచుకున్న గ్యాసుకు నిప్పంటుకుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారు. ఇళ్లు బూడిదయ్యాయి. పచ్చని కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పైపులైను లీకుల గురించి ముందే మొరపెట్టుకున్నామని గ్రామస్థులు ఆనాడు కన్నీళ్లతో చెప్పారు.

దర్యాప్తులో బయటపడిన కారణం అందరూ గుర్తుంచుకోదగినది. ఆ గొట్టం పొడి గ్యాసు కోసం ఉద్దేశించినది. అందులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాసును పంపారు. ఆ తడి వల్ల గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టింది. పైన చెప్పిన పూత, విద్యుత్తు రెండూ బయటి తుప్పుకు మాత్రమే కంచె. లోపలి తుప్పుకు వేరే మందు కావాలి. గ్యాసును ముందుగా ఆరబెట్టాలి. గొట్టం లోపలి మడ్డిని ఊడ్చే యంత్రాన్ని పంపాలి. గోడ మందం ఎక్కడ తగ్గిందో కొలిచే యంత్రాన్ని నడపాలి. ఇంటికి ముందు తలుపు వేసుకుని పెరటి తలుపు తీసిపెడితే దొంగకు అంతకంటే ఏం కావాలి?

ఇతర దేశాల అనుభవాలూ ఇటువంటివే. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో వీధుల కింది మురుగు కాలువలు వరుసగా పేలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోలు పోయే ఉక్కు గొట్టానికి ఆనుకుని జింకు పూత గల మంచినీటి గొట్టాన్ని వేశారు. తడి నేలలో ఆ రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి పెట్రోలు గొట్టానికి కన్నం పడింది. పెట్రోలు మురుగు కాలువలోకి చేరింది. పెట్రోలు వాసన వస్తున్నదని జనం అంతకు ముందు రోజుల్లోనే చెప్పారు. అయినా ఊరు ఖాళీ చేయించలేదు. కొత్త మంచినీటి గొట్టాన్ని పాత గొట్టం పక్కన వేసేవారు కలకాలం గుర్తుంచుకోవలసిన సంఘటన ఇది.

2004 జూలై 30న బెల్జియం దేశంలోని గిలెంగియాన్ వద్ద గ్యాసు పైపులైను పేలి 24 మంది మరణించారు. అక్కడ తుప్పు కాదు, అంతకు ముందు జరిగిన నిర్మాణ పనుల్లో ఒక యంత్రం గొట్టానికి చేసిన గాటు కారణం. యంత్రం తగిలిన రోజున గొట్టం పగలలేదు. ఎవరూ పట్టించుకోలేదు. తరువాత లోపల ఒత్తిడి పెరిగిన రోజున ఆ గాటు దగ్గరే పగిలింది.

మూడు దేశాలు, మూడు కారణాలు. కాని ఒక పోలిక ఉన్నది. మూడు చోట్లా కీడు చెప్పకుండా రాలేదు. తుప్పు ఒక్కరోజులో గొట్టాన్ని తినదు. ఏళ్ల తరబడి కొరుకుతుంది. యంత్రం గాటు పడిన నాడే మచ్చ మిగిలిపోతుంది. పాము కాటుకు వ్యవధి ఉండదు, తుప్పు కాటుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. అది ముందుగా నోటీసు ఇచ్చి వచ్చే చుట్టం. నోటీసు చదివే మనిషి లేకపోవడం, చదివినా వినే అధికారి లేకపోవడం, ఇవే అసలు ప్రమాదాలు.

మంచినీటి గొట్టం సంగతి

గ్యాసు పేలితే దేశమంతా తెలుస్తుంది. మంచినీటి గొట్టం పగిలితే పక్క వీధికి కూడా తెలియదు. కాని పల్లె మనిషికి రోజూ తగిలే దెబ్బ ఇదే. కుళాయికి గంటో రెండు గంటలో నీరు వదిలి కట్టేసే ఊళ్లలో, నీరు ఆగిన వేళ గొట్టం ఖాళీ అయి కన్నం గుండా బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. మరునాడు మొదటి బిందెలో వచ్చేది ఆ మురుగే. వాంతులు, విరేచనాలు మొదలయ్యాక నీళ్ల ట్యాంకు కడుగుతారు గాని గొట్టాన్ని ఎవరూ అడగరు.

ఇప్పుడు వీధుల్లో వేసే ప్లాస్టిక్ గొట్టాలకు తుప్పు పట్టదన్నది నిజమే. అయితే వాటికి జేసీబీ పన్ను ఒక్కటి చాలు. పైగా ప్లాస్టిక్ గొట్టాన్ని భూమిలో వెతకడం ఇనుప గొట్టాన్ని వెతికినంత సులువు కాదు. వేసినప్పుడు గుర్తు పెట్టకపోతే తరువాత వెతికేది గడ్డపారతోనే. పంపుల దగ్గర, వాగులు దాటే చోట, వాల్వుల దగ్గర ఇనుము, ఉక్కు ఎటూ తప్పవు. చేతిపంపు పైకి లాగినప్పుడు తుప్పుతో జల్లెడైన గొట్టాలు చూడని ఊరు లేదు. ఊరికి నీరు తెచ్చే గొట్టానికీ అదే గతి పట్టవచ్చునని ఎందుకు తోచదు?

ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు ఈ విషయం మరీ ముఖ్యం. పైపులైను నాలుగు రోజులు ఆగితే పట్నంలో ట్యాంకరు వస్తుంది. మెట్ట పల్లెలో జనం తిరిగి ఆ పాత బోరు నీళ్లే తాగుతారు. గొట్టం ఆగిన ప్రతిసారీ ఆ విషం మళ్లీ పిల్లల ఎముకల్లోకి చేరుతుంది. కోట్లు ఖర్చు పెట్టి గొట్టం వేసి, దానిని చూసుకునే మనిషికి జీతం ఇవ్వడానికి వెనుకాడితే ఆ కోట్లు మట్టిలో పోసినట్టే.

రైతు గోడు

ఇందులో రైతు వైపు న్యాయం కూడా చెప్పుకోవాలి. పెట్రోలియం, గ్యాసు గొట్టాలకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమి రైతుదే, గొట్టం వేసి నడుపుకొనే వాడకపు హక్కు మాత్రం కంపెనీకి పోతుంది. ప్రకటన వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోగా రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు. పంట, చెట్ల నష్టానికి పరిహారం గాక, వాడకపు హక్కు కింద భూమి మార్కెట్ విలువలో 10 శాతం చెల్లిస్తారు. ఆ తరువాత ఆ మేర సేద్యం చేసుకోవచ్చు గాని ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని తవ్వరాదు, చెట్టు నాటరాదు. గొట్టాలకు హాని చేసేవారికి శిక్షలను 2011లో మరింత కఠినం చేశారు.

నిమ్మతోట పెట్టుకుందామనుకున్న రైతుకు చెట్టు నాటరాదంటే అది చిన్న దెబ్బ కాదు. పదో వంతు ఇచ్చి కలకాలం కట్టడి చేయడం ఏం న్యాయమని అతను అడిగితే తప్పు పట్టలేం. ఆ కోపం మీటరు పట్టుకుని వచ్చిన టెక్నీషియన్ మీద తీరుతుంది. పరిహారం నిర్ణయించింది అతను కాదు. చాలాచోట్ల అతనూ కాంట్రాక్టరు కింద పనిచేసే జీతగాడే. ఎండలో నడిచేది అతను, తోటలో కుక్కలు తరిమేది అతన్ని, జేసీబీకి అడ్డం నిలబడి తిట్లు తినేది అతను. పరిహారం పోరాటం కలెక్టరు కార్యాలయంలోను, కోర్టులోను చేయవలసినది. కొలత స్తంభం విరిచితేనో, తీగ తెంచితేనో దెబ్బ తగిలేది కంపెనీకి ముందు ఆ పొలంలో పనిచేసే కూలీలకే.

దొంగతనాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే ముఠాల బాధ రైతులకు తెలిసిందే. రక్షణ తీగల్లో ఉండేదీ రాగే. కిలో రాగికి ఆశపడి తీగ తెంచితే కిలోమీటర్ల గొట్టానికి కంచె ఊడినట్టు. ట్రాన్స్‌ఫార్మరు పోతే పంపు ఆగి వెంటనే తెలుస్తుంది. ఈ తీగ పోతే మరోసారి టెక్నీషియన్ వచ్చి కొలిచే దాకా తెలియదు.

జరగవలసినది

మొదటిది, ప్రతి పంచాయతీ కార్యాలయంలోను ఆ ఊరి కింద పోయే గొట్టాలన్నింటి పటం గోడకు తగిలించాలి. మంచినీటిది, ఎత్తిపోతలది, గ్యాసుది, టెలిఫోను కేబులుతో సహా. పటం ఇంజనీరు బీరువాలో ఉంటే ఊరికి ప్రయోజనం లేదు. రోడ్డు దాటే చోట, వాగు దాటే చోట గుర్తు రాళ్లు పాతి ఫోను నెంబరు చెరగని రంగుతో రాయాలి.

రెండవది, తవ్వకానికి ముందు కబురు. తవ్వే ముందు గొట్టాల యజమానులకు తెలియజేయడానికి 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్‌ను ప్రధానమంత్రి 2023 మార్చి 22న ప్రారంభించారు. మంచి ఏర్పాటే. కాని బోరు బండి మేస్త్రీకి, ట్రాక్టరు రైతుకు యాప్ అందుతుందనుకోవడం అత్యాశ. పంచాయతీలో ఒక పుస్తకం పెట్టి, జేసీబీ గాని బోరు బండి గాని ఊళ్లోకి వచ్చినప్పుడు అందులో రాయించి, ఆ కబురు కార్యాలయమే పైకి పంపితే యాప్‌కు సార్థకత ఉంటుంది.

మూడవది, ఫిర్యాదుకు రసీదు. లీకు ఉందని ఊరివారు చెబితే తేదీ, వేళ రాసి, రసీదు ఇచ్చి, ఎవరు వచ్చి చూశారో, ఏం చేశారో అదే కాగితంపై రాయాలి. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది. ప్రమాదం తరువాత "మాకు ఎవరూ చెప్పలేదు" అనే మాట అప్పుడు ఎవరికీ చెల్లదు.

నాలుగవది, మనిషి. మంచినీటి పథకాలకైనా, గ్యాసుకైనా శిక్షణ పొందిన మనిషిని శాశ్వతంగా నియమించాలి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ చదివి మద్రాసు, హైదరాబాదు బస్సులెక్కుతున్న కుర్రవాళ్లు ఈ మండలాల్లో ఎందరో ఉన్నారు. కొన్ని నెలలు ఈ పని నేర్పితే ఊరి నేల, ఊరి వాగు ఎరిగిన కాపలాదారు తయారవుతాడు. పరాయి ఊరి నుంచి నెలకోసారి వచ్చే మనిషికంటే అతనికి రైతు ముందుగా కబురు చెబుతాడు.

గ్రామస్థుల వంతు కూడా ఉన్నది. గ్యాసు గొట్టం పోయే దారిలో బుస కొట్టే శబ్దం వినిపించినా, నేల నుంచి దుమ్ము ఎగిసినా, నీటిమడుగులో ఆగకుండా బుడగలు వచ్చినా, చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోట గడ్డి పసుపెక్కినా అనుమానించాలి. దూరప్రాంత గ్యాసుకు వాసన ఉండకపోవచ్చు కనుక వాసన లేదని ధీమా పడరాదు. అటువంటి చోట అగ్గిపుల్ల గీయరాదు, బీడీ ముట్టించరాదు, మోటారు సైకిలు స్టార్టు చేయరాదు. గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా దూరం జరిగి, స్తంభం మీది నెంబరుకు ఫోను చేసి, పదిమందిని ఆ వైపు రాకుండా ఆపాలి. జేసీబీ పన్ను గొట్టానికి తగిలితే, పగలకపోయినా సరే, డ్రైవరు పూడ్చి పోకుండా చెప్పి తీరాలి. చెప్పినవాణ్ణి అధికారులు జరిమానాతో బెదిరించక మెచ్చుకోవాలి. అప్పుడే రెండోవాడు చెబుతాడు.

చెరువు కట్టకు గండి పడితే ఊరంతా తట్టలు పట్టుకుని కదిలే ప్రాంతమిది. కట్ట మీద ఎలుక బొక్క కనబడితే నీరుగంటి పరుగెత్తుకొచ్చి చెప్పేవాడు. ఆ చిన్న బొక్కే రేపు గండి అవుతుందని ఊరికి తెలుసు కనుక నీరుగంటికి ప్రతి కళ్లంలోను వాటా దక్కేది. ఇవాళ నీరు, నిప్పు రెండూ గొట్టాల్లోకి చేరాయి. చెరువుకు నీరుగంటి ఉన్నట్టు గొట్టానికీ ఒక మనిషి ఉండాలి. అతని మాటకు కార్యాలయంలో విలువ ఉండాలి, ఊళ్లో మర్యాద ఉండాలి. నగరం గ్రామంలో కాలిపోయిన వారికి ఆ మర్యాద చేయడం ఎలాగూ సాధ్యం కాదు. ఆత్మకూరు, ఉదయగిరి మండలాల్లో గొట్టాలు ఇంకా పాతుతూనే ఉన్నారు గనుక ఇక్కడ సమయం మించిపోలేదు. కందకం పూడ్చక ముందే కాపలా సంగతి తేల్చడం అధికారుల విధి, అడగడం ప్రజల హక్కు.